కోత మిషన్ల యాప్ పెట్టాను, రెండు వైపులా జనం నిలవడం లేదు. ప్లాట్‌ఫామ్ కట్టినవాళ్లు మొదట ఏం చేశారు?

మంజీర_తీరం | జూన్ 14, రాత్రి 9:12

అందరికీ నమస్తే. మాది బోధన్ దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో ఆరేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, పోయిన ఏడాది ఊరికి వచ్చేసి ఇద్దరు మిత్రులతో కలిసి ఒక యాప్ మొదలుపెట్టాను. వరికోత మిషన్ కావాల్సిన రైతునీ మిషన్ ఓనర్‌నీ కలపడం దాని పని. కోతలప్పుడు మా నాన్న ఫోన్ పట్టుకుని పది మందికి కాల్ చేసి, వస్తాం వస్తాం అని నాలుగు రోజులు తిప్పుకుంటే చివరికి వాన పడి పంట పడిపోవడం నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. అందుకే ఈ పని మీద పడ్డాను.

యాసంగి కోతల లెక్క చెప్తాను. 412 మంది రైతులు డౌన్‌లోడ్ చేసుకున్నారు, 11 మంది మిషన్ ఓనర్లు పేరు రాయించుకున్నారు. సీజన్ మొత్తానికి యాప్‌లో కుదిరిన పనులు 23. అందులో కూడా ఒకసారి కలిసినవాళ్లు రెండోసారి యాప్‌లోకి రాలేదు, నేరుగా ఫోన్ చేసుకున్నారు. ఓనర్లను అడిగితే "రైతులు ఎక్కువ మంది ఉంటే చూద్దాం" అంటారు, రైతులేమో "మిషన్లే కనబడట్లేదు" అంటారు. చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టుంది.

అమెజాన్, యాపిల్, బస్సు టికెట్ల రెడ్‌బస్ లాంటివాళ్లు ఈ ముడి ఎలా విప్పారు? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. వానాకాలం కోతలకి ఇంకా నాలుగు నెలల టైముంది.

క్లౌడ్_కింద | జూన్ 14, రాత్రి 10:03

తమ్ముడూ, ముందుగా ఒక మాట. ప్లాట్‌ఫామ్, అంటే ఇచ్చేవాళ్లనీ కావాల్సినవాళ్లనీ కలిపే వేదిక, అన్న పదం చూసి మోసపోవద్దు. పెద్ద కంపెనీల్లో చాలావరకు మొదటి రోజు ప్లాట్‌ఫామ్‌గా పుట్టలేదు. అమెజాన్ 1995లో తనే పుస్తకాలు అమ్మింది. బయటి అమ్మకందార్లకు మార్కెట్‌ప్లేస్ తెరిచింది 2000లో, అంటే కొనేవాళ్లు లక్షల్లో చేరాక.

నేను పనిచేసేది క్లౌడ్ మీద, అంటే ఇంటర్నెట్‌లో అద్దెకిచ్చే సర్వర్ల మీద, కాబట్టి ఆ కథ కొంచెం వివరంగా చెప్తాను. 2000 దాటాక అమెజాన్ లోపల టీములన్నీ ఒకదాని డేటా ఇంకొకటి అడ్డదారిలో లాక్కునేవి, ఏది మార్చినా ఇంకేదో విరిగేది. అప్పుడు అమెజాన్ పెట్టిన బెజోస్ ఒక ఆర్డర్ వేశాడు, ప్రతి టీమూ తన పనిని ఏపీఐ (ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదాన్ని అడిగే పద్ధతైన దారి) ద్వారానే ఇంకో టీముకి ఇవ్వాలి, వేరే దారి ఉండకూడదు, రేపు బయటివాళ్లకు తెరవగలిగేలా కట్టాలి అని. స్టీవ్ యెగ్గీ అనే ఇంజనీరు 2011లో గూగుల్‌లో ఉండగా రాసిన ఒక పెద్ద పోస్టులో ఇది లోకానికి తెలిసింది. 2006 మార్చిలో డేటా దాచుకునే ఎస్3 సర్వీసు వచ్చింది, ఒక జీబీ దాచుకోవడానికి నెలకు 15 సెంట్లు. అదే ఏడాది ఆగస్టులో సర్వర్ అద్దెకిచ్చే ఈసీ2, గంటకు 10 సెంట్లు. అంతకుముందు సర్వర్ కావాలంటే కొటేషన్, కొనుగోలు, ర్యాక్, కరెంటు, నెలల పని. వాళ్లు దాన్ని గంట లెక్కన అద్దెకు ఇచ్చారు, మీ మిషన్ ఓనర్ గంట లెక్కన ఇచ్చినట్టే.

నా ఉద్దేశం ఏమిటంటే, నువ్వే ఒక మిషన్ తీసుకుని ఒక సీజన్ నడుపు. లోపలి కష్టం తెలిశాక దాన్ని బయటికి తెరువు.

మంజీర_తీరం | జూన్ 14, రాత్రి 10:20

అన్నా, మిషన్ ధర పాతిక లక్షల పైమాట. చైన్ మిషన్ అయితే ఇంకా ఎక్కువ. మా ముగ్గురి దాచుకున్న డబ్బు అంతా కలిపినా దాని డౌన్ పేమెంట్‌కి సరిపోదు.

పాత_ఏజెంట్ | జూన్ 15, ఉదయం 7:31

బాబూ, నీ పోస్టు రాత్రి చదివాను. నిద్ర లేవగానే ఇది రాస్తున్నాను, కొంచెం పొడుగైనా చదువు.

నేను 2002 నుంచి పదేళ్లు లక్డీకాపూల్‌లో ప్రైవేటు బస్సుల టికెట్ ఏజెంటుని. అప్పట్లో టికెట్ ఎలా కోసేవాళ్లమో ఈ తరానికి తెలియదు. ఒక్కో బస్సుకి ట్రావెల్స్ ఆఫీసులో ఒక కాగితం చార్ట్ ఉంటుంది, సీట్ల గళ్లు గీసి. మా కొట్టుకి ప్యాసింజర్ వస్తే మేం ఆ ఆఫీసుకి ఫోన్ చేయాలి, "రేపటి బెంగళూరు, రెండు సీట్లు, ఒకటి లేడీస్ పక్కన" అని. అక్కడ కూర్చున్న కుర్రాడు పెన్సిల్‌తో గడిలో మా కొట్టు పొట్టి పేరు రాస్తాడు, నంబర్ చెప్తాడు, మేం పుస్తకంలో టికెట్ రాసిస్తాం. నాకు తెలిసింది ఏడెనిమిది ట్రావెల్స్. పక్క కొట్టువాడికి ఇంకో ఏడెనిమిది. ఊళ్లో ఎన్ని బస్సుల్లో ఎన్ని సీట్లు ఖాళీ ఉన్నాయో ఒక్క మనిషికీ తెలియదు, ఆ బస్సు ఓనర్‌కి కూడా రాత్రి బస్సు కదిలేదాకా తెలియదు.

సంక్రాంతి వచ్చిందంటే ఆ ఫోన్ కలవదు. ఒక ఏడాది ఒకే సీట్లు నాకూ ఇంకో ఏజెంటుకీ ఇచ్చేశారు. రాత్రి పదిన్నరకి భార్యాభర్తలు, చంకలో పిల్ల, రెండు సూట్‌కేసులతో బస్సు మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు, ఆ సీట్లలో వేరేవాళ్లు కూర్చుని ఉన్నారు, వాళ్ల దగ్గరా టికెట్ ఉంది. డబ్బులు నా చేత్తో తిరిగిచ్చాను గానీ ఆ అమ్మాయి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

సరిగ్గా ఈ కష్టంలోనే రెడ్‌బస్ పుట్టింది. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి టికెట్ దొరక్క ఆగిపోయిన కుర్రాడు ఫణీంద్ర సామ, మీ నిజామాబాద్ జిల్లావాడే. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ఇంజనీరు. బిట్స్ పిలానీలో చదివిన స్నేహితులు చరణ్ పద్మరాజు, సుధాకర్ పసుపునూరితో కలిసి 2006లో మొదలుపెట్టాడు. ఇక్కడ నీకు పనికొచ్చే ముక్క ఉంది. వాళ్లు ముందు అనుకున్నది టికెట్లు అమ్మడం కాదు. సీట్లన్నీ ఒకచోట కనబడే సాఫ్ట్‌వేర్ రాసి ట్రావెల్స్‌వాళ్లకు ఇచ్చేద్దాం అనుకున్నారు. ఓనర్లు పట్టించుకోలేదు. కంప్యూటర్ పెడితే ఎవరు చూస్తారు, పెన్సిల్ చాలు అనుకునే రోజులు అవి. అప్పుడు వాళ్లు చేసిందేమిటంటే, మాలాగే ఒక ఏజెంటు అయ్యారు. కొన్ని సీట్లు తీసుకుని, బెంగళూరు ఐటీ కంపెనీల ఉద్యోగులకు ఇంటర్నెట్‌లో అమ్మారు. సీట్లు నిండడం కళ్లతో చూశాకనే ఓనర్లు మాట విన్నారు.

పీఎం_స్వాతి | జూన్ 15, ఉదయం 9:48

పాత_ఏజెంట్ గారూ, చాలా థాంక్స్ అండీ, ఇలాంటివి ఏ బిజినెస్ పాఠంలోనూ దొరకవు.

దీనికి నేను కలిపేది ఒక్కటే. బస్సు కదిలాక ఖాళీ సీటు విలువ సున్నా. రేపటికి దాచుకోలేం. ఇలా నిలవ ఉండని సరుకు ఉన్నచోట ప్లాట్‌ఫామ్‌కి బలం వస్తుంది, ఎందుకంటే ఆ ఖాళీని నింపేవాడికి ఓనర్ సంతోషంగా కమీషన్ ఇస్తాడు. కోత మిషన్‌కీ అంతే కదా, ఏడాదిలో పని ఉండేది రెండు సీజన్లు, అందులో ఒక రోజు ఖాళీగా ఉంటే ఆ రోజు పోయినట్టే, లోన్ కిస్తీ మాత్రం ఆగదు.

మంజీర_తీరం గారు, ఒక ప్రశ్న. ఆ 412 మంది రైతులు ఎన్ని ఊళ్లలో ఉన్నారు?

మంజీర_తీరం | జూన్ 15, ఉదయం 10:05

లెక్క తీశాను మేడమ్. 67 ఊళ్లు. బాన్సువాడ, వర్ని, కోటగిరి, ఎడపల్లి అంతా తిరిగి పోస్టర్లు అంటించాం.

పీఎం_స్వాతి | జూన్ 15, ఉదయం 10:31

మీ సమస్య సగం అక్కడే ఉంది. 67 ఊళ్లకి 11 మిషన్లు అంటే ఏ ఊళ్లో రైతు యాప్ తెరిచినా ఖాళీ స్క్రీనే కనబడుతుంది. ఒకసారి ఖాళీ స్క్రీన్ చూసినవాడు మళ్లీ తెరవడు. బస్సులకి రూట్ ఎలాగో, క్యాబ్‌లకి ఊరు ఎలాగో, మీకు పక్కపక్కన ఉన్న నాలుగైదు ఊళ్లు అలాగ. ఫేస్‌బుక్ 2004లో ఒక్క హార్వర్డ్‌లో మొదలై, అక్కడ నిండాక ఇంకో కాలేజీకి వెళ్లింది. హైదరాబాద్ నుంచి బెంగళూరుకి నలభై బస్సులు చూపించి, మిగతా దేశం అంతా చూపించకపోయినా ఆ రూట్ ప్యాసింజర్‌కి లోటు ఏమీ ఉండదు. దేశమంతా ఒక్కో బస్సు చూపిస్తే మాత్రం ఎవరికీ పనికిరాదు.

మిషన్ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి లారీ ఎక్కించి తీసుకెళ్లాలి కదా, ఆ ఖర్చు కూడా దగ్గర ఊళ్లయితేనే తగ్గుతుంది.

డల్లాస్_నుంచి | జూన్ 15, రాత్రి 8:15

మాది ఖమ్మం, ఇప్పుడు డల్లాస్‌లో ఉంటున్నాను. డబ్బు పోసి ఒక వైపు జనాన్ని తెచ్చుకోవచ్చు అనే ఆలోచన ఎవరికైనా వస్తే, మైక్రోసాఫ్ట్ వాళ్ల విండోస్ ఫోన్ కథ వినండి. దానికి యాప్‌లు రాసినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఐఫోన్ 2007లో వచ్చినప్పుడు బయటివాళ్ల యాప్‌లకు చోటు లేదు, బ్రౌజర్‌లో నడిచే వెబ్ యాప్‌లు రాసుకోండి అన్నారు. ఏడాది గడిచి లక్షల ఫోన్లు జనం చేతుల్లో ఉన్నాక, 2008 జూలైలో యాప్ స్టోర్ తెరిచారు, మొదటి రోజు 500 యాప్‌లు. ఫోన్ దానంతట అదే కొనదగ్గ వస్తువు, యాప్‌లు ఆ తర్వాత వచ్చాయి. డెవలపర్ ఎందుకు వెళ్లాడు? అక్కడ డబ్బు పెట్టే జనం ఉన్నారు, 100 రూపాయల అమ్మకంలో 70 తన ఖాతాలో పడేవి.

విండోస్ ఫోన్ నిజంగా మంచి ఫోన్. తెర అందంగా ఉండేది, తక్కువ ధర నోకియా లూమియా కూడా ఎక్కడా ఆగకుండా నడిచేది. 2011లో నోకియా తన ఫోన్లలోని సింబియన్ సాఫ్ట్‌వేర్ వదిలి దీంతో చేయి కలిపింది. మైక్రోసాఫ్ట్ దగ్గర డబ్బుకి కొదవ లేదు, డెవలపర్లకు పోటీలు, బహుమతులు, పెద్ద యాప్‌లకు ఖర్చు కూడా భరించారు. అయినా ఇన్‌స్టాగ్రామ్ 2013 చివరికి గానీ రాలేదు, వచ్చినా సగం సౌకర్యాలతో వచ్చింది. నా యాప్‌కి నెలకు వచ్చే డౌన్‌లోడ్లు చూసుకుని, అదే యాప్‌ని ఆండ్రాయిడ్‌కి రాస్తే వారంలో అన్ని వచ్చాయి, ఇంక వెనక్కి చూడలేదు. నాలాంటివాళ్లు వేలమంది అదే చేశారు. డబ్బు ఇస్తే యాప్ ఒకసారి రాస్తాం, రెండో వెర్షన్ రాయాలంటే అవతల మనుషులు ఉండాలి. నోకియా ఫోన్ల వ్యాపారాన్ని 2014లో కొన్న మైక్రోసాఫ్ట్, 2015లో అందులో 760 కోట్ల డాలర్లు నష్టంగా రాసుకుంది.

అదే సమయంలో సత్య నాదెళ్ల, మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన మనిషి, 2014 ఫిబ్రవరిలో సీఈఓ అయి మార్చిలోనే ఐప్యాడ్‌కి మైక్రోసాఫ్ట్ ఆఫీస్ సాఫ్ట్‌వేర్ విడుదల చేశాడు. పోటీదారుడి వస్తువు మీద మన సాఫ్ట్‌వేర్ ఎందుకు అనుకోలేదు, జనం ఎక్కడుంటే అక్కడికి వెళ్లాడు. ఆ నిర్ణయం అప్పుడు మా అందరికీ షాక్. ఇప్పుడు ఆలోచిస్తే చాలా ధైర్యం కావాలి దానికి.

క్లౌడ్_కింద | జూన్ 15, రాత్రి 9:02

డల్లాస్ అన్న చెప్పింది ఒప్పుకుంటాను గానీ డబ్బు అస్సలు పనిచేయదు అనడం కూడా సరికాదు. 2017 సెప్టెంబర్‌లో డబ్బులు పంపే యాప్ గూగుల్ తేజ్ వచ్చినప్పుడు స్క్రాచ్ కార్డుల కోసం మా ఇంట్లో అందరూ ఒకరికొకరు డబ్బులు పంపుకున్నారు. 2018లో దాని పేరు గూగుల్ పే అయింది. ఆ అలవాటు పోలేదు కదా, ఇప్పుడు మా వీధి చివర మిర్చి బజ్జీల బండి దగ్గర కూడా స్పీకర్ పెట్టె పలుకుతోంది.

పీఎం_స్వాతి | జూన్ 15, రాత్రి 9:26

అది పనిచేసింది ఎందుకంటే కింద యూపీఐ ఉంది. జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ 2016 ఏప్రిల్‌లో మొదలుపెట్టింది. మీరు ఏ యాప్‌లో ఉన్నా, అవతలివాళ్లు ఏ యాప్‌లో ఉన్నా, ఏ బ్యాంకు అయినా డబ్బు చేరుతుంది. అంటే తేజ్ మొదటి రోజే యూపీఐలో ఉన్న బ్యాంకులన్నిటి ఖాతాదారులతో మొదలైంది, రెండో వైపు జనాన్ని కొత్తగా కూడగట్టాల్సిన పని లేదు, చేతికి అలవాటు చేయడమే మిగిలింది. ఆ అలవాటుకి స్క్రాచ్ కార్డు చాలు. కోత మిషన్లకి అలాంటి ఉమ్మడి రోడ్డు ఎవరూ వేయలేదు.

ఇంకోటి, రోడ్డు ఉమ్మడిది కాబట్టి దాని మీద టోల్ కూడా వసూలు చేయలేకపోయారు. 2020 జనవరి నుంచి బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐ చెల్లింపు మీద వ్యాపారి దగ్గర ఛార్జీ లేదు. అందుకే ఆ యాప్‌లన్నీ లోన్లు, ఇన్సూరెన్స్, రీచార్జులు అమ్ముకుంటున్నాయి.

టిఫిన్_సెంటర్ | జూన్ 15, రాత్రి 11:40

విజయవాడలో చిన్న టిఫిన్ సెంటర్ నడుపుతాను. ప్లాట్‌ఫామ్ కట్టేవాళ్ల గురించి అందరూ మాట్లాడుతున్నారు, దాని మీద నిలబడేవాళ్ల గురించి కూడా ఒక మాట చెప్పనివ్వండి.

ఒక ఫుడ్ యాప్‌లో చేరాను. మొదటి ఏడాది ఆర్డర్లు బాగా వచ్చాయి, కమీషన్ తక్కువ, వాళ్ల మనిషి కొట్టుకి వచ్చి మెనూ ఫొటోలు తీసి పెట్టాడు. తర్వాత కమీషన్ పెరిగింది. తర్వాత ఆఫర్ల భారం సగం మా మీద పడింది. తర్వాత పైన కనబడాలంటే ప్రకటనకి కట్టాలి. ఒక నెల లెక్క చూసుకుంటే ప్లేటు పెసరట్టు ఉప్మా 80 రూపాయలకి అమ్మితే నా చేతికి వచ్చింది 49. గ్యాస్, పెసలు, మాస్టర్ జీతం, ప్యాకింగ్ డబ్బా అందులోంచే. తినేవాళ్ల ఫోన్ నంబర్ కూడా నాకు ఇవ్వరు, మూడేళ్లుగా వారానికి రెండుసార్లు నా దగ్గర తినే మనిషి ఎవరో నాకు తెలియదు.

యాప్ వల్ల వ్యాపారం వచ్చింది, కాదనను. కానీ తమ్ముడూ, నువ్వు ఓనర్లను చేర్చుకునేటప్పుడు రేపు రేటు ఎలా మారుస్తావో ముందే చెప్పు, కాగితం మీద రాసివ్వు. మాకు భయం కమీషన్ ఎక్కువని కాదు, రేపు ఎంత ఉంటుందో తెలియకపోవడం.

ఉప్పల్_క్యాబ్ | జూన్ 16, ఉదయం 6:20

టిఫిన్_సెంటర్ అన్నా, నూటికి నూరు పాళ్లు నిజం. మా లైన్లో కూడా ఇదే కథ. ఒకప్పుడు ఇన్సెంటివ్‌లు చూసి లోన్ మీద బండి కొన్నవాళ్లు ఎంతమందో, అవి తగ్గగానే కిస్తీలు కట్టలేక బండ్లు ఫైనాన్స్‌వాళ్లకి పోయాయి. ఇప్పుడు కొంచెం మారింది. రాపిడో ఆటోలకి, క్యాబ్‌లకి ట్రిప్పుకి కమీషన్ తీసేసి, స్థిరమైన ఫీజు పద్ధతికి వచ్చింది. బెంగళూరులో నమ్మ యాత్రి అనే ఆటో యాప్ 2022లో వచ్చినప్పటి నుంచి ఆ గాలి వీచింది. ఆటోలకి ఓలా, ఉబర్ కూడా అదే దారికి వచ్చాయి. డ్రైవర్‌కి లెక్క తేలిక, పొద్దున ఇంత కట్టాను, మిగతాది నాదే. కస్టమర్ నేరుగా డబ్బులిచ్చినా యాప్‌వాడికి దిగులు లేదు.

నీ రైతులు రెండోసారి నేరుగా ఫోన్ చేసుకుంటున్నారని బాధపడ్డావు కదా, పనికి ఇంత అని కమీషన్ పెడితే ఎవరైనా అదే చేస్తారు. సీజన్‌కి ఇంత అని పెట్టి చూడు.

దాళ్వా_రైతు | జూన్ 16, ఉదయం 8:55

అయ్యా, నేను భీమవరం దగ్గర పదకొండు ఎకరాలు చేస్తున్నాను. రైతు నేరుగా ఎందుకు ఫోన్ చేస్తాడో నేను చెప్తాను, కమీషన్ ఎగ్గొట్టడానికి కాదు.

మేం మిషన్ కోసం ఫోన్ చేయం, డ్రైవర్ కోసం చేస్తాం. ఒకే ఓనర్‌కి రెండు మిషన్లుంటే, ఒక డ్రైవర్ కోస్తే గింజ కింద రాలదు, మూలలు కూడా శుభ్రంగా కోస్తాడు, గట్టు తెగ్గొట్టడు. ఇంకో కుర్రాడు గంటల మీటర్ తిరగాలని చూస్తాడో లేక చేతకాదో గానీ, అదే ఎకరానికి పావుగంట ఎక్కువ పడుతుంది, గడ్డిలో గింజ పోతుంది. పోయిన దాళ్వాలో పడిపోయిన చేను కోయడానికి మంచి డ్రైవర్ కోసం రెండు రోజులు ఆగాను, పక్కన ఖాళీగా ఉన్న మిషన్ పిలవలేదు. నీ యాప్‌లో డ్రైవర్ పేరే లేదని నాకు అనిపిస్తోంది. మిషన్ కంపెనీ, ఫొటో, రేటు ఉంటాయి, అంతేనా?

మంజీర_తీరం | జూన్ 16, ఉదయం 9:10

అంతే అండీ. మోడల్, ఫొటో, గంటకు రేటు, ఊరు. డ్రైవర్ గురించి ఒక్క ముక్క కూడా లేదు. మా నాన్న ఎప్పుడూ "ఆ పొడుగు డ్రైవర్ ఉంటేనే పంపమను" అని ఫోన్లో అనేవాడు, అది వింటూ పెరిగి కూడా నాకు తట్టలేదు.

పాత_ఏజెంట్ | జూన్ 16, మధ్యాహ్నం 2:17

రెడ్‌బస్ కథలో రెండో సగం చెప్పలేదు, అసలు గుట్టు అక్కడుంది.

టికెట్లు అమ్ముడుపోతున్నాయని తెలిశాక వాళ్లు మళ్లీ ఓనర్ల దగ్గరికి మొదటి ఆలోచనతోనే వెళ్లారు. ఈసారి బాస్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చారు, బస్ ఆపరేటర్ సాఫ్ట్‌వేర్ సిస్టమ్. కాగితం చార్ట్ పోయి కంప్యూటర్‌లో చార్ట్ వచ్చింది. ఏ ఏజెంటు ఎన్ని అమ్మాడు, ఎంత బాకీ, ఏ రోజు రేటు ఎంత, అంతా ఓనర్ కళ్లముందు. రెడ్‌బస్‌లో ఒక్క టికెట్ అమ్మకపోయినా ఆ సాఫ్ట్‌వేర్ ఓనర్‌కి ఉపయోగమే. ఒకసారి ఆఫీసు అంతా దాని మీద నడిచాక, సీట్ల అసలు లెక్క వాళ్ల దగ్గరే ఉంది కాబట్టి ఒకే సీటు ఇద్దరికి అమ్మడం అనేది పోయింది.

తర్వాత మాలాంటి ఏజెంట్లకు సీట్‌సెల్లర్ అనే టికెట్ల సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. మమ్మల్ని లేకుండా చేస్తారని నేను రెండేళ్లు కోపంగా ఉన్నాను. కానీ ఆ స్క్రీన్ తెరిచిన మొదటి రోజు, నా జన్మలో పేరు వినని ట్రావెల్స్ బస్సులో షిర్డీకి నాలుగు సీట్లు అమ్మాను. ఏడెనిమిది ట్రావెల్స్ మనిషిని ఒక్క రాత్రిలో వందల బస్సుల మనిషిని అయ్యాను. చివరికి జనం ఫోన్లోనే కొనుక్కోవడం మొదలయ్యాక నేను కొట్టు మూసేశాను, అది వేరే సంగతి, కానీ మధ్యలో ఉన్నవాడికి కూడా పని ఇచ్చి తమవైపు తిప్పుకున్నారు చూడు, అది నాకు నచ్చింది.

రెడ్‌బస్‌ని 2013లో ఐబిబో గ్రూప్ అనే ఆన్‌లైన్ ట్రావెల్ కంపెనీ కొన్నది, తర్వాత మేక్‌మైట్రిప్‌లో కలిసింది. ఫణీంద్ర 2018లో తెలంగాణ ప్రభుత్వానికి మొదటి చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసర్ అయ్యాడు. హైదరాబాద్‌లోనే పుట్టిన అభిబస్ కూడా ఇదే రంగంలో పెరిగి 2021లో ఇక్సిగో అనే ట్రావెల్ యాప్ కంపెనీ చేతికి వెళ్లింది.

నీ ఊళ్లలో మిషన్లు కుదిర్చే మధ్యవర్తులు ఉంటారు కదా. వాళ్లని శత్రువులుగా చూడకు. వాళ్ల ఫోన్లో నీ జిల్లా మిషన్ల జాతకం అంతా ఉంటుంది.

క్లౌడ్_కింద | జూన్ 16, సాయంత్రం 6:44

నా మొదటి సలహా వెనక్కి తీసుకుంటున్నాను. మిషన్ కొనక్కర్లేదు, ఓనర్ ఆఫీసులో కూర్చుంటే చాలు. లోపలి కష్టం తెలియాలి అన్నది మాత్రం నిలబడుతుంది.

ఇంకో విషయం, పెద్దవాళ్లు కూడా టోల్ ఎక్కువ వసూలు చేస్తే ఎదురుదెబ్బ తింటున్నారు. ప్లే స్టోర్‌లో డబ్బు తమ బిల్లింగ్‌లోనే కట్టాలన్న నిబంధన మీద మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్‌లో గూగుల్‌కి 936 కోట్ల జరిమానా వేసింది, అదే నెల ఆండ్రాయిడ్ విషయంలో ఇంకో 1337 కోట్లు. యాపిల్ కూడా చిన్న డెవలపర్లకు 30 శాతం కమీషన్‌ని 2021 నుంచి 15కి తగ్గించింది, ఏడాదికి 10 లక్షల డాలర్ల లోపు వచ్చేవాళ్లకు. టిఫిన్_సెంటర్ గారి 49 రూపాయల లెక్క లాంటివి లక్షల్లో పోగైతేనే ఇంతదూరం వస్తుంది.

మంజీర_తీరం | జూలై 2, రాత్రి 10:50

అందరికీ, రెండు వారాలు కనబడలేదు, క్షమించండి. మీరు చెప్పిన మాట ప్రకారం యాప్ పని ఆపేసి, మా పక్క ఊళ్లో నాలుగు మిషన్లున్న ఒక ఓనర్ ఇంటికి మూడు రోజులు వెళ్లి కూర్చున్నాను. మా బాపుకి దోస్తు కాబట్టి కాదనలేదు.

యాసంగి నోట్‌బుక్ చూపించాడు. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్, అట్ట మీద పసుపు మరక, లోపల డీజిల్ వాసన. ఒక్కో లైన్లో రైతు పేరు, లేదా "చెరువు కింది గంగన్న", "బడి ఎనక అన్న", పక్కన మొదలుపెట్టినప్పుడు మీటర్, ఆపినప్పుడు మీటర్, గంటలు, పైసలు. డ్రైవర్ రాత్రి చీకట్లో రాసినవి కొన్ని కనబడవు. 6ని 8 అని చదివి ఒక రైతుతో గొడవ పడ్డాడట. ఇక బాకీలు. మా దగ్గర రైతు చాలావరకు అప్పుడే డబ్బివ్వడు, కొనుగోలు సెంటర్‌లో కాంటా అయ్యి వడ్ల పైసలు ఖాతాలో పడ్డాక ఇస్తాడు. ఏ రైతుకి పైసలు పడ్డాయో ఓనర్‌కి తెలియదు. మే నెల కోతలవి జూలైలో కూడా 61 మంది దగ్గర బాకీ ఉంది. ఆ అరవై ఒక్క మంది పేర్లూ నేనే లెక్కపెట్టాను, ఆయన అప్పటిదాకా లెక్కపెట్టలేదు. ఆ రాత్రి ఆయన భార్య మాకు అన్నం పెడుతూ, "కిస్తీ కట్టడానికి నా పుస్తెలతాడు బ్యాంకుల ఉన్నది బిడ్డా" అంది. నాలుగు మిషన్ల ఓనర్ ఆయన.

ఇన్నాళ్లూ నేను ఆయన దగ్గరికి వెళ్లి "మీకు కొత్త రైతులను తెస్తాను" అన్నాను. ఆయనకి సీజన్‌లో రైతులకి కొదవే లేదు. కావాల్సింది కోసిన గంటల లెక్క, రావాల్సిన పైసలు.

అందుకే ఇప్పుడు చేస్తున్నది చెప్తాను, తప్పులుంటే తిట్టండి. రైతుల యాప్ పక్కన పెట్టేశాం. డ్రైవర్ ఫోన్లో ఒకటే స్క్రీన్, మీటర్ ఫొటో తీసి మొదలు, ఫొటో తీసి ఆపు. రైతు నంబర్‌కి అక్కడికక్కడే తెలుగులో మెసేజ్ పోతుంది, ఎన్ని గంటలు, ఎంత, డ్రైవర్ పేరు. ఓనర్‌కి రాత్రి బాకీల లిస్టు. ఈ వానాకాలం ఐదు ఊళ్లలోనే. ఫీజు సీజన్‌కి మిషన్‌కి ఇంత అని, మూడు సీజన్ల దాకా పెంచం అని స్టాంపు పేపర్ మీద రాసిస్తున్నాం, టిఫిన్_సెంటర్ అన్నా, ఇది మీ మాటే.

దాళ్వా_రైతు | జూలై 3, ఉదయం 6:05

బాబూ, బాగుంది. మెసేజ్‌లో డ్రైవర్ పేరు పెట్టావు, ఫోన్ నంబర్ కూడా పెట్టు. మీ వైపు కోతలు ముందు అయిపోతాయి, మా సార్వా నవంబర్ నుంచి మొదలు. మీ మిషన్లు ఖాళీ అయ్యాక ఇటు వచ్చేవి ఉంటాయి, ఎవరు ఎప్పుడు ఖాళీ అవుతారో మాకు తెలిస్తే చాలు.

పీఎం_స్వాతి | జూలై 3, ఉదయం 9:30

దాళ్వా_రైతు గారు అడిగింది చూశారా? ఏ మిషన్ ఏ రోజు ఖాళీ అవుతుందో ఇప్పుడు మీ డ్రైవర్ స్క్రీన్ వల్ల మీకు తెలుస్తుంది. ఓనర్ అనుమతి లేకుండా ఆ సమాచారం ఎవరికీ ఇవ్వకండి, అది కూడా ఆ స్టాంపు పేపర్‌లో రాయండి. మొదటి సీజన్‌లో దాన్ని వాడకపోయినా ఫర్వాలేదు.

మంజీర_తీరం | జూలై 3, రాత్రి 9:47

రాస్తున్నాం మేడమ్. ఇందాక ఆ ఓనర్ ఫోన్ చేశాడు. పాత బాకీలు 61 మందికీ మెసేజ్ పంపి నాలుగు రోజులైంది, 17 మంది కట్టారట. "తమ్మీ, నా బామ్మర్దిది రుద్రూర్‌లో రెండు మిషన్లున్నయి, వానివి కూడా ఎక్కియ్యి" అన్నాడు. రుద్రూర్ మా ఐదు ఊళ్లలో లేదు. చేర్చుకోవాలా, వద్దా?

పాత_ఏజెంట్ | జూలై 3, రాత్రి 10:02

బామ్మర్ది నోట్‌బుక్ చూసిరా ముందు.